పెదాలు కదిపితే చాలు

వాయిద్యాలేవీ లేకుండా పాడదాం అన్నప్పుడు మా కాలనీలో ముందు ఎవరికీ అర్థం కాలేదు. హార్మోనియం ఎవరు తెస్తారని ఒకరు అడిగారు. తబలా వాయించే ఆయన మేడ్చల్లోనే ఉన్నాడు, పిలిపిద్దామన్నారు ఇంకొకరు. ఏదీ వద్దు, ఆఖరికి శ్రుతిపెట్టె కూడా వద్దు, మన గొంతులే మనకు అన్నీ అని చెప్పేసరికి జనార్ధన్ గారు తల గోక్కున్నారు.

"గదేంది మేడం, కర్ర లేకుంట గుడ్డోన్ని నడ్వమన్నట్టుంది" అన్నారు.

జీడిమెట్లలో చిన్న లేత్ వర్క్‌షాపు నడిపే మనిషి ఆయన. అంత మాట అన్నారే గానీ ఆ తర్వాత ఒక్క రోజు కూడా మానలేదు. ఒక్కోసారి చేతుల మీద నూనె మరకలతోనే వచ్చి మగవాళ్ళ వరసలో నిలబడేవారు.

అది రెండేళ్ళ కిందటి ఆషాఢం. మేడ్చల్ దాటి అత్వెల్లి వైపు వెళ్తుంటే హైవే నుంచి కాస్త లోపలికి ఉంటుంది మా కాలనీ. నాన్న ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగం చూసేవారు. నేను శామీర్‌పేటలో ఒక ప్రైవేటు స్కూల్లో సంగీతం టీచర్ని. సికింద్రాబాదులో పియానో పరీక్షలు రాసి, నాలుగేళ్ళు ఒక బృందంలో పాడి, ఒకే పాటకు నాలుగు గొంతుల్లో నాలుగు వరసలు అల్లడం నేర్చుకున్నాను. అక్కడ పాడినవన్నీ ఇంగ్లీషు పాటలు, లాటిన్ ప్రార్థనలు. తెలుగులో నేనే రాయాలని ఎప్పటినుంచో కోరిక. ఆ ఏడాది మూడు పాటలు రాశాను. ఒకటి శాంతి మంత్రం. రెండోది మేడ్చల్‌లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరైన వీరభద్రం గారి కవిత. ప్లాట్లుగా మారిపోయిన ద్రాక్షతోట మీద రాశారాయన. "పందిళ్ళు పీకేశాక కూడా తీగ చేతులు చాచింది" అనే పాదం దగ్గర నేను ప్రతిసారీ ఆగి మళ్ళీ చదువుకునేదాన్ని. మూడోది బాలనర్సమ్మ పాట.

బాలనర్సమ్మ మా స్కూల్లో ఆయా. అలియాబాద్ నుంచి వచ్చేది. ఒకరోజు వాన పడుతుంటే వరండాలో నీళ్ళు తుడుస్తూ ఏదో పాడుకుంటోంది. నేను పక్కన నిలబడి ఫోన్లో రికార్డు చేశాను. తను చూసి నవ్వి, చీపురు పక్కన పెట్టి, మళ్ళీ మొదటినుంచి పాడింది.

"ఏడు మళ్ళ నాటు ఎప్పుడయ్యెనె అక్క, పొద్దు గూకుతాంది, పొయ్యి రాజెయ్యలే."

చిన్నప్పుడు నాట్లలో పాడిన పాటట. ఇప్పుడు ఆ పొలాలూ లేవు, ఆ పాటెత్తే ఆడవాళ్ళూ లేరు. నేను రాసుకున్నదాన్ని ఒకసారి పాడి వినిపిస్తే శ్రద్ధగా విని ఒక్క సంగతే చెప్పింది.

"ఆకర్కి వచ్చేసరికి గొంతు దించకు బిడ్డా. నడుములు గుంజుతుంటయ్ గదా, అందరు దించుతరు. పాటెత్తినామె దించొద్దు. దించిందంటే నాటు ఆగుతది."

సరేనన్నాను. పాట నడకను గురించి చెప్పిందనుకున్నాను.

నాతో కలిపి పద్నాలుగు మందిమి. ఆడవాళ్ళలో పైగొంతు నలుగురు, కిందిగొంతు నలుగురు, మగవాళ్ళలో ముగ్గురు, ముగ్గురు. ఆదివారం, బుధవారం సాయంత్రాలు కాలనీ క్లబ్‌హౌస్‌లో ప్రాక్టీసు. ఆ పద్నాలుగో మనిషి మా అమ్మ లలితకుమారి.

అమ్మని నేను పిలవలేదు. పిలవాలని తోచలేదు కూడా. మూడో బుధవారం వాన జోరుగా ఉందని గొడుగు పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడింది. కిందిగొంతులో ఒకరు తక్కువై తృప్తి అనే అమ్మాయి ఇబ్బంది పడుతోంది. ఆ పిల్ల బ్యాంకులో పని చేస్తుంది, మా వెనక వీధే. అమ్మ తడి గొడుగు గోడకు ఆనించి, వెళ్ళి ఆ పిల్ల పక్కన నిలబడి ఆ వరస అందుకుంది. అంతసేపూ గుమ్మంలో నిలబడే నేర్చేసుకుందన్నమాట. పెళ్ళికి ముందు రామచంద్రపురంలో తొమ్మిదేళ్ళు సంగీతం నేర్చుకున్న మనిషి. ఆ తొమ్మిదేళ్ళూ మా ఇంట్లో పొద్దున్నే డికాక్షన్ దిగేలోపు పాడుకునే ఒక కీర్తన కిందికి కుదించుకుపోయాయి. నాన్నకు ఆ పాటే అలారం. అది మొదలైతే లేచేవారు, అయ్యేసరికి హాల్లోకి వచ్చి కూర్చునేవారు.

శ్రావణం అంతా అమ్మ ముఖంలో నేనెప్పుడూ చూడని ఒక హడావిడి. ప్రాక్టీసు ఉన్న రోజు వంట నాలుగింటికే అయిపోయేది. తన వరస నోటుపుస్తకంలో స్వరాలు వేసి రాసుకుంది. ఒక బుధవారం మాటలు సరిచూడమని బాలనర్సమ్మను కారులో తీసుకొచ్చాను. కుర్చీలో కూర్చుని మొత్తం వింది. అమ్మ ఫ్లాస్కులో కాఫీ తెచ్చి ఇచ్చింది. ఇద్దరూ చాలాసేపు ఏదో మాట్లాడుకున్నారు. నాట్ల పాటలో ఇంకో రెండు చరణాలు ఉన్నాయట, అమ్మ వాటిని కూడా రాసుకొచ్చింది.

భాద్రపదంలో చిక్కొచ్చింది. మూడో పాట సగం దాటాక ఏదో తేడా కొడుతోంది. ఆ చోట పైగొంతు మెట్టు మెట్టుగా కిందికి దిగుతుంది. పొద్దు గూకడం వినిపించాలని అర మెట్లు కూడా పెట్టి, ఎంతో మురిసిపోయి రాసుకున్నాను. అది దాటగానే నాలుగు వరసలూ ఒక్కటిగా కలవాలి. కలవడం లేదు. ఎవరో పైన ఉండిపోతున్నారు. మొదట ఆ మాట పైకి అన్నది జనార్ధన్ గారు. ఆడవాళ్ళ కిందిగొంతులో ఎవరిదో శ్రుతి ఎక్కుతోంది మేడం అన్నారు. నేను ఒక్కొక్కరి దగ్గరా నిలబడి విన్నాను. అమ్మ.

తృప్తి ఆ సాయంత్రం నన్ను పక్కకు పిలిచి, ఆంటీ చాలా బాగా పాడతారు గానీ ఆ చోట తనకు కష్టంగా ఉందని, ఎవరితో కలవాలో తెలియడం లేదని మొహమాటపడుతూ చెప్పింది.

ముందటి చలికాలంలో అమ్మకు కళ్ళు తిరుగుతుంటే చెవి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాం. కుడి చెవిలో వినికిడి కొంచెం తగ్గిందన్నారు. వయసుకు ఇది మామూలే, ఏమీ చెయ్యక్కర్లేదన్నారు. ఆ సంగతి నాకు గుర్తొచ్చింది. గుర్తొచ్చాక ఇంక వేరే ఆలోచన చెయ్యలేదు. పదమూడు మంది ఒకచోట, ఒక్కరు ఒకచోట ఉన్నారు. ఆ ఒక్కరికీ చెవి బాగాలేదని డాక్టరు రాసిచ్చిన కాగితం ఇంట్లోనే ఉంది.

పాట మొదట్లో శ్రుతి ఇవ్వడానికి నా దగ్గర అరచేతిలో ఇమిడే పిచ్ పైపు ఉండేది. పాట అయ్యాక కూడా ఒకసారి ఊది చూసుకోవడం పద్ధతి. మొదటి రెండు పాటలకూ చూశాను. మూడో పాటకు చూడలేదు. ఎందుకు చూడలేదని ఇప్పటికి వెయ్యిసార్లు అడుక్కుని ఉంటాను. పాట అయిపోగానే ఎవరు తప్పారన్న చర్చలో పడిపోయేవాళ్ళం, అదే నా జవాబు. అది సరైన జవాబు కాదని నాకు తెలుసు.

ప్రోగ్రాం ఇంక ఎనిమిది రోజులుంది. శామీర్‌పేట దగ్గర ఒక కాలేజీ ఆడిటోరియంలో, ఏడు బృందాలు పాడే సాయంత్రం. మాది తప్ప మిగతావన్నీ సిటీ బృందాలు. శనివారం సాయంత్రం, బాల్కనీలో ఆరిన బట్టలు లోపలికి తెచ్చి అమ్మా నేనూ మంచం మీద వేసి మడతపెడుతున్నాం. నాన్న హాల్లో టీవీ చూస్తున్నారు.

"అమ్మా, ప్రోగ్రాం రోజు నువ్వు పెదాలు కదిపితే చాలు" అన్నాను.

చేతిలో ఉన్న తువ్వాలు మడత ఆపలేదు. రెండు అంచులూ కలిపి, మళ్ళీ రెండుగా చేసి, గుట్ట మీద పెట్టింది.

"మూడో పాటకా?"

"మూడింటికీ అలాగే చేస్తే మంచిదేమో. మధ్యలో ఒక పాటకే అంటే నీకు కంగారుగా ఉంటుంది."

"చెవేనంటావా?"

"చెవే అయ్యుంటుందమ్మా. నీ తప్పేం కాదు."

"సరేలే" అంది. నాన్న లుంగీ అందుకుంది. కాసేపయ్యాక, నిలబడడం అయినా నిలబడనా, అక్కర్లేదా అని అడిగింది. నిలబడాలి, వరసలో ఖాళీ కనబడకూడదు అన్నాను. మళ్ళీ సరేనంది. ఆ గదిలో జరిగింది ఇంతే. కంటతడి లేదు, పెద్ద మాట లేదు. ఎంత తేలిగ్గా అయిపోయిందో అని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

మిగిలిన రెండు ప్రాక్టీసుల్లోనూ అమ్మ పెదాలు కదిపింది. పాట ఎంత చక్కగా కలిసిందో. జనార్ధన్ గారు బొటనవేలు ఎత్తి చూపించారు. అమ్మ కూడా నవ్వింది.

ప్రోగ్రాం రోజు ఆడవాళ్ళందరం ముదురాకుపచ్చ చీరలు కట్టాం. అమ్మది పెళ్ళినాటి పట్టుచీర, అంచు మాత్రం కొత్తగా వేయించింది. వరసలో మూడో మనిషిగా, తృప్తి పక్కన, చేతులు ముందుకు కట్టుకుని నిలబడింది. ప్రతి మాటకూ పెదాలు సరిగ్గా కదిపింది. ఊపిరి తీసుకోవాల్సిన చోట ఊపిరి కూడా తీసుకుంది. నేను ఎదురుగా నిలబడి పైగొంతు పాడుతూ, చేత్తో తాళం చూపిస్తూ అదంతా చూశాను. నాట్ల పాట ముగిశాక మోగిన చప్పట్లు ఎంతకీ ఆగలేదు. వీరభద్రం గారు ముందు వరసలో కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు.

బయట మెట్ల దగ్గర బాలనర్సమ్మ నా కోసం నిలబడి ఉంది. ఆ సాయంత్రం ఆమెకు టిక్కెట్టు నేనే ఇచ్చాను. నా చెయ్యి పట్టుకుని పాట మంచిగున్నది అంది. తర్వాత, "గని మీ అమ్మ గొంతేది?" అని అడిగింది.

ఉంది కదా, మూడో మనిషి అన్నాను.

"నిలవడ్డది. నోరు గూడ కదుల్తాంది. గొంతే రాలే."

అమ్మకు చెవి కొంచెం ఇబ్బందిగా ఉందని, శ్రుతి తేడా వస్తోందని గబగబా చెప్పాను. పక్కనుంచి జనం వెళ్తున్నారు, ఎవరైనా వింటారేమోనని నాకు తొందరగా ఉంది.

"ఏమో బిడ్డా. గా దినం మీ దగ్గరికొచ్చినప్పుడు మీ అమ్మ ఒక్కతే పాటను వట్టుకొనున్నదనిపిచ్చింది. మీరందరు కలిసి జారిన్రు. ఇయ్యాల గూడ జారిన్రు" అంది. నా ముఖం ఎలా మారిందో మరి, వెంటనే, "సదువుకున్నోల్లు, మీకెరుక" అని బస్సు కోసం వెళ్ళిపోయింది.

ఆ మాట పక్కకు నెట్టేశాను. ఎంత నెట్టినా పోలేదు. దసరా వెళ్ళిన మూడో రోజు కాలేజీ వాళ్ళు రికార్డింగు పంపించారు. స్కూల్లో, మ్యూజిక్ రూమ్ తలుపు వేసుకుని, పియానో ముందు కూర్చుని విన్నాను. మూడో పాట మొదటి స్వరానికి మీట నొక్కాను, సరిపోయింది. చివరి స్వరానికి అదే మీట నొక్కాను. మళ్ళీ నొక్కాను. మేము ఒకటిన్నర మెట్టు కిందికి జారిపోయాం. నేను మురిసిపోయి రాసుకున్న ఆ దిగుడు దగ్గర మొదట జారింది పైగొంతు. అంటే నేనే. మిగతావాళ్ళు నన్ను పట్టుకుని జారారు.

ఫోన్లో పాత ప్రాక్టీసు రికార్డింగులు వెతికాను. అమ్మ పాడినప్పటివి. అందరూ జారాక పైన ఒంటరిగా వినిపించే ఆ గొంతుకు మీట నొక్కి చూశాను. పైపు ఊది ఎక్కడ మొదలుపెట్టామో, సరిగ్గా అక్కడుంది. ఐదు రికార్డింగులు విన్నాను. ఐదింటిలోనూ ఒక్క వెంట్రుక కూడా కదలలేదు. పదమూడు మందీ కిందికి లాగుతుంటే అమ్మ ఒక్కతే నిలబడింది. నేను ఆమెను పెదాలు కదపమన్నాను.

ఆ సాయంత్రమే ఇంటికెళ్ళి చెప్పి ఉంటే ఈ కథ నేను ఇలా చెప్పాల్సి వచ్చేది కాదు. చెప్పాలనే బయలుదేరాను. తుర్కపల్లి మలుపు దాటేసరికి, రేపు చెప్దాంలే అనిపించింది. సిటీ నుంచి మరో సభకు పిలుపు వచ్చింది. పత్రికలో చిన్న వార్త వచ్చింది, అందులో నా ఫోటో ఉంది. చెవి పోయింది అమ్మకు కాదు, నాకు అని ఎవరితో చెప్పను? రేపు, ఎల్లుండి, ఆదివారం అనుకుంటూ రోజులు గడిపేశాను.

ఆ రోజుల్లోనే నాన్న ఒక పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని అడిగారు, మీ అమ్మ పాడటం మానేసింది, గమనించావా అని. నేను గమనించాను. డికాక్షన్ దిగేది, పాలు పొంగేవి, వంటింట్లో గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. నాన్నకు లేవడం ఆలస్యమవుతోందని ఫోన్లో అలారం పెట్టుకున్నారు. ఫోన్ మాట్లాడాల్సి వస్తే అమ్మ స్పీకర్ పెట్టేది. పక్కింటి పిల్లలిద్దరికి సాయంత్రాలు శ్లోకాలు చెప్పేది, తప్పు నేర్పుతానేమోనని అదీ మానేసింది. కూర్చుని టీవీ చూస్తున్నప్పుడు సౌండు పెంచమని అడగడానికి సిగ్గుపడి, పెదాల కదలిక చూస్తూ కూర్చునేది.

కార్తీకం మొదట్లో చెవి మిషను పెట్టించుకుంటానంది. అంత అవసరం లేదు, పెట్టుకుంటే మీ ఇష్టం అన్నాడు పరీక్ష చేసినాయన. నాన్న వద్దన్నారు. అమ్మ ఎప్పుడూ దేనికీ పట్టుపట్టని మనిషి, దీనికి పట్టుపట్టింది. వచ్చే ప్రోగ్రాంకైనా సరిగ్గా పాడాలి, పిల్లకు ఇబ్బంది కాకూడదు అంది. నేను అక్కడే ఉన్నాను. ఇద్దర్నీ కార్లో కూర్చోబెట్టుకుని కొంపల్లిలో ఆ మిషన్లు అమ్మే చోటిదాకా నేనే నడిపాను. ఆ మనిషి అమ్మ చెవి వెనక ఆ చిన్న వస్తువు తగిలిస్తుంటే చూస్తూ నిలబడ్డాను.

కార్తీక పౌర్ణమికి ముందురోజు స్కూలు సగం పూటే. మధ్యాహ్నం ఇంటికొచ్చి తాళం తీసుకుని లోపలికి వెళ్ళాను. వెనక గదిలోంచి మా పాట వినిపిస్తోంది. అమ్మ మంచం మీద కూర్చుని, ఫోన్లో కాలేజీ వాళ్ళ రికార్డింగు పెట్టుకుని, నోటుపుస్తకం ఒళ్ళో పరుచుకుని, దాంతో కలిసి పాడుతోంది. నేను గుమ్మంలో ఆగిపోయాను. దిగుడు వచ్చింది. రికార్డింగులో మేమందరం జారాం. అమ్మ కూడా మాతోపాటు జారింది. మేము ఎంత జారామో అంతే, ఒక్క వెంట్రుక తేడా లేకుండా.

నన్ను చూసి మొహమంతా వెలిగింది. "విన్నావా ప్రియా? ఇప్పుడు కలుస్తోంది చూడు. ముందు నేను ఇక్కడే పైన ఉండిపోయేదాన్ని. పదిహేను రోజుల్నుంచి రోజూ సాధన చేస్తున్నాను. మిషను పెట్టుకున్నాక తెలుస్తోంది వాళ్ళెక్కడున్నారో."

అప్పుడు చెప్పాను. బట్టలు మడతపెట్టిన ఆ మంచం మీదే కూర్చుని మొత్తం చెప్పాను. అమ్మ మధ్యలో ఆపలేదు. నేను ఏడుస్తుంటే నోటుపుస్తకం మూసి పక్కన పెట్టింది. ఫోన్లో పాట ఇంకా నడుస్తోంది, దాన్ని ఆపింది.

"నీకెప్పుడు తెలిసింది?" అని అడిగింది.

"దసరా వెళ్ళాక."

"అంటే మిషను కొనకముందే."

"ఊఁ."

అమ్మ కిటికీ వైపు చూసింది.

"నాకు అప్పుడు మీరందరూ దిగిపోతున్నట్టే వినిపించేది ప్రియా. తృప్తితో చెబుదామనుకున్నాను కూడా. కానీ ఇంత చదువుకున్నదానివి, నువ్వు చెప్పావు. నా చెవిని కాదనుకోగలిగాను, నిన్ను కాదనుకోలేకపోయాను."

అంతే. లేచి కుక్కర్ పెట్టడానికి వెళ్ళింది. నా మీద కోపం ఉందో లేదో ఆ రోజు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. నాన్నకు అమ్మే చెప్పినట్టుంది. ఆయన నాలుగు రోజులు నాతో మామూలుగానే మాట్లాడారు. ఐదో రోజు షూ లేసు కట్టుకుంటూ, తలెత్తకుండా అన్నారు.

"కొంపల్లికి కారు నువ్వే నడిపావమ్మా."

ఆ ఆదివారం బృందం ముందు నిలబడి జరిగిందంతా చెప్పాను. తృప్తి కళ్ళు తుడుచుకుంది. జనార్ధన్ గారు అటునుంచి అటే మా ఇంటికొచ్చి, గుమ్మం బయటే చెప్పులు విడిచి నిలబడ్డారు. "గా మాట మొదలు నేనే అన్న లలితమ్మా. మాఫ్ చెయ్యండి" అన్నారు. అమ్మ ఆయన్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టి, టీ ఇచ్చి, పిల్లల చదువుల గురించి అడిగి పంపించింది.

ఆ దిగుడును తిరగరాశాను. అర మెట్లు తీసేసి, పాడే గొంతు జారకుండా నిలబడేలా సులువు చేశాను. అమ్మను రమ్మని అందరూ వెళ్ళి అడిగారు. అడిగితే కాదనే మనిషి కాదు. మార్గశిరంలో ఒక బుధవారం వచ్చింది. చెవి మిషను ఇంట్లోనే తీసి పెట్టి వచ్చింది. తృప్తి తన పక్కన చోటిచ్చింది. క్లబ్‌హౌస్ తలుపులన్నీ మూసేశాం, చలి మొదలైంది. పైపు ఊదాను. పద్నాలుగు మందిమీ ఎత్తుకున్నాం.

అంత చక్కగా మేము ఎప్పుడూ పాడలేదు. ఎక్కడా ఏ గొంతూ విడిగా వినిపించలేదు. అమ్మ గొంతు కోసం ఎంత చెవులు రిక్కించినా అందరి గొంతుల్లో అది ఎక్కడుందో నాకు దొరకలేదు. చివరి స్వరం అందరూ ఒక్కసారే వదిలారు. జనార్ధన్ గారు, ఇయ్యాల మస్తు కలిసింది అన్నారు. అందరూ నవ్వుతూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

నేను పైపు నోటి దగ్గర పెట్టుకుని ఊదాను. జారాం. అర మెట్టుకు కొంచెం పైమాటే. పైగొంతు, కిందిగొంతు, మగవాళ్ళు, అందరం కలిసే జారాం.

అమ్మ కూడా ఆ స్వరం విన్నది. అందరి ముందు నన్నే చూస్తూ, చిన్నగా అడిగింది.

"నేను కూడా దిగానా?"

లేదని చెబుదామనుకున్నాను. ఆ ఒక్క అబద్ధంతో ఆమెకు తన చెవి తనకు దొరుకుతుందేమో అనిపించింది. కానీ ఒకసారి నేను చెప్పిన మాట నమ్మబట్టే ఆమె ఇంత దూరం వచ్చింది.

"దిగావమ్మా" అన్నాను.

తల ఊపింది. ఇంకోసారి పాడదామా అని తృప్తి అడిగితే, మీరు కానివ్వండి తల్లీ, నాకు పెరుగు తోడు పెట్టే వేళైంది అని, శాలువా కప్పుకుని వెళ్ళిపోయింది. తలుపు తీసినప్పుడు చల్లగాలి లోపలికి వచ్చింది. ఎవరో లేచి తలుపు మూశారు. మేము పదమూడు మందిమి మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాం.